రేకులు విరగని కారు

ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే ఎవరి కారైనా వేడెక్కిన ప్లాస్టిక్కు వాసన కొడుతుంది. మా కారు అలా కాదు. తలుపు తీయగానే ముందు పాత తోలు సీట్ల వాసన వస్తుంది, దాని వెనకాలే నెయ్యి, బెల్లం, యాలకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. ఈ వేళ పొద్దున్న రావులపాలెంలో బ్యాంకు పని చూసుకుని వచ్చి తలుపు తీశానో లేదో, ఆ వాసన మొహానికి తగిలి అక్కడే ఎండలో నిలబడిపోయాను. పక్కన స్కూటరు తీస్తున్న ఒకాయన ఆగి, "ఏవండీ, లోపల ఎవరైనా వంట చేస్తున్నారా?" అని అడిగాడు. "చేయించేవారండీ" అన్నాను. ఆయనకేం అర్థమైందో గానీ తలూపి వెళ్ళిపోయాడు.

నేనన్నది మా మహలక్ష్మి పిన్నిగారి గురించి. వరసకి పిన్ని కాదు, మా పక్కింటావిడ, తర్వాత నాకు జీతమిచ్చిన యజమానురాలు. పొట్టి మనిషి, గొంతు మాత్రం మైకు. నవ్వు ముందొచ్చి మాట వెనకొచ్చేది. ఆత్రేయపురానికి కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్ళో ఆవిడకి పూతరేకులు చేసే షెడ్డుండేది. భర్త పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఏడవడం తన వల్ల కాదని, అరడజను మంది ఆడవాళ్ళని పోగేసి మొదలుపెట్టారట. మా ఆయన మస్కట్‌లో పనికి వెళ్ళిన కొత్తల్లో నేను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ ఉంటే, ఒకరోజు గోడ మీంచి తొంగిచూసి, "బీకాం చదివేవు కదమ్మాయ్, ఫోనెత్తి మాట్లాడ్డం వచ్చా?" అని అడిగారు. వచ్చన్నాను. మర్నాటి నుంచి ఆవిడ ఆర్డర్లన్నీ నేనే మాట్లాడాను.

రేకు అంటే ఏమిటో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. బోర్లించిన కుండ కింద కొబ్బరి కమ్మల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ, కుండ మీద ఒక్క విసురు. కన్ను మూసి తెరిచేలోగా ఉల్లిపొర లాంటి రేకు లేస్తుంది. దానికి తడి తగిలించి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడత పెడితే పూతరేకు. మడత పెట్టింది దూరమెళ్ళినా ఫరవాలేదు. మడత పెట్టని పొడి రేకు మాత్రం గట్టిగా దగ్గితే విరుగుతుంది. పిన్నిగారికి సరిగ్గా ఆ పొడి రేకుల మీదే ఆశ పుట్టింది. పెళ్ళిళ్ళకి పెట్టెల్లో పంపడం అందరూ చేస్తారు, మనం రేకులు పట్టుకెళ్ళి పెళ్ళివారి కళ్ళెదురుగా వేడి నెయ్యి రాసి, అక్కడికక్కడ చుట్టి చేతిలో పెడదాం అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ కళ్ళు చూడాలి! షెడ్డులో అందరం పని మానేసి చప్పట్లు కొట్టాం.

మొదటి ఆర్డరు అమలాపురంలో దొరికింది. రేకుల పెట్టెలు ఆటోలో పెట్టి, మేము ఇంకో ఆటోలో వెనకాల వెళ్ళాం. పెళ్ళింట్లో మూత తీస్తే లోపల రేకుల్లేవు, రవ్వ ఉంది. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, అన్నిట్లోనూ రవ్వే. పిన్నిగారు దాచే మనిషి కాదు. పెళ్ళికూతురి తండ్రిని పిలిచి చూపించి, "తప్పైపోయిందండీ, దారిలో విరిగిపోయేయి" అన్నారు. ఆయన పెట్టెలోకి చూసి ఎంతో మర్యాదగా, "దాందేముందండీ, పొద్దున్నకి ఉప్మా చేయించుకుంటాం లెండి" అన్నాడు. మా గోదావరి జిల్లాల్లో తిట్టు కూడా అండీ తగిలించుకుని వస్తుంది. తిరిగొచ్చే దారంతా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ఊరి పొలిమేరలో మాత్రం, "ఉప్మాట!" అని ఒక్కసారి అనుకున్నారు.

ఆ తర్వాత వ్యాన్లు చూశాం, గడ్డి పరిచి చూశాం, పరుపులు వేసి చూశాం. రవ్వ కొంచెం ముతకబడింది, అంతే. ఇక ఆశ వదులుకున్న రోజుల్లో కాకినాడ నుంచి ఒక డాక్టరుగారు రేకుల కోసం కారులో వచ్చారు. ఇంట్లో తామే చుట్టుకుంటామని పట్టుబట్టి పొడి రేకులు పట్టుకెళ్ళారు. సాయంత్రం ఫోను చేసి, "ఒక్కటీ విరగలేదమ్మా" అన్నారు. ఆయన చెయ్యి మంచిది అనుకున్నాను నేను. పిన్నిగారు నా చేతిలో ఫోను లాక్కుని, "డాక్టరుగారూ, అది ఏం కారండీ?" అని అడిగారు. ఆయన చెప్పిన జర్మనీ పేరు ఆవిడకి నోరు తిరగలేదు. కానీ ఆ కారుకి ఇనుప స్ప్రింగులుండవని, గాలి నింపిన రబ్బరు బుడగల మీద నడుస్తుందని ఆయన చెప్పిన ముక్క మాత్రం ఆవిడ బుర్రలో నాటుకుపోయింది. "కొత్తది కొనాలంటే నేను రెండు ఆసుపత్రులు కట్టాలండీ, నాది కూడా ఎవరో వాడి వదిలేసిందే" అన్నారట డాక్టరుగారు. ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదని మర్నాడు కళ్ళు చూస్తేనే తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికి మా షెడ్డు పైకప్పు చిల్లులు పడి ఉంది. వానొస్తే పొయ్యిలు ఆర్పుకోవాల్సిందే, తడి గాలి తగిలితే బియ్యపు రేకు కుండ మీంచి లేవదు. పైన కొత్త రేకులు వేయించడానికి ఆవిడ ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బొకటి ఉంది. ఆ డబ్బు తప్ప ఇంకేం లేదు. అది కారు మీద పెట్టి, కారు పనికిరాకపోతే, వచ్చే వానాకాలానికి షెడ్డు మూతపడుతుంది. ఆవిడతో పాటు మా అందరి పొయ్యిలూ ఆరిపోతాయి. ఆవిడ ఈ సంగతి దాచలేదు. అందరినీ కూర్చోబెట్టి, "పైన రేకులు వేయించమంటారా, చేతిలో రేకులు బతికించమంటారా?" అని అడిగారు. అందరం తలెత్తి పైకప్పు వంక చూశాం. చివరికి, అందరికంటే బాగా రేకు తీసే నాగమణి, "పైకప్పు ఎటూ కారుతూనే ఉందండీ, అలవాటైపోయింది" అంది. అదే మా తీర్మానం.

ఆవిడ బావగారు వెంకన్నగారు మాత్రం ఇంటికొచ్చి మరీ కేకలేశారు. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంట! ఏనుగుని కొనడం కాదమ్మా, మేపడం తెలియాలి. ఒక్క అద్దం పగిలితే మన కొబ్బరితోట రాసియ్యాలి." పిన్నిగారు ఆయన ముందు కాఫీ పెట్టి, "ఆయ్, నిజవేనండీ బావగారూ" అన్నారు. ఆయన గెలిచానని సంతోషపడి కాఫీ తాగి వెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే ఈవిడ నా వైపు తిరిగి, "రాజమండ్రిలో పాత కార్లు అమ్మేచోటు ఒకటుందంట, ఫోన్ కలుపమ్మాయ్" అన్నారు.

ఆ ఫోను సంభాషణ తలుచుకుంటే నాకిప్పటికీ ఒక్కదాన్నే ఉన్నా నవ్వొస్తుంది. గాలి బుడగల మీద నడిచే పెద్ద కారు కావాలన్నాను. అటు కూర్చున్నాయన హైదరాబాదు మనిషి, ఉత్సాహంగా, "ఫ్యామిలీ కోసమా మేడమ్?" అన్నాడు. పిన్నిగారు పక్కనుంచి, "రేకులు పట్టుకెళ్ళడానికని చెప్పు" అన్నారు. చెప్పాను. "మేడమ్, రేకులకైతే లారీ చూసుకోండి. ఇందులో పెడితే సీట్లు కోసుకుపోతాయి" అన్నాడు. ఇనుప రేకులనుకున్నాడు పాపం. విషయం విడమరిచి చెప్పాక అతనికి నవ్వాగలేదు. పిన్నిగారు ఫోను తీసుకుని, "మీరు నవ్వండి బాబూ, నవ్విన నాప చేనే పండుద్ది. కారు మా ఊరు పట్టుకొచ్చి చూపించండి. కారు మీది, రోడ్డు మాది, రేకులూ మావే" అన్నారు.

నిజంగానే పట్టుకొచ్చాడు. ముదురు నీలం కారు, వెనక డిక్కీ గదంత ఉంది. ఊళ్ళో సగం మంది మా వాకిట్లోనే ఉన్నారు. అందరూ బానెట్టు ఎత్తి చూస్తారు, టైర్లు తంతారు. మా పిన్నిగారు వెనక సీటు మీద రేకుల పెట్టె పెట్టి, పక్కన తను కూర్చుని, "వాడపల్లి దాకా పోనీండి. మంచి రోడ్డు వెతక్కండి" అన్నారు. ముందు సీట్లో నేను. గోదారి గట్టు పక్క రోడ్డు ఎలా ఉంటుందో మాకు తెలుసు, అతనికి తెలియదు. ఒక్కో గుంత వస్తుంటే నేను సీటు పట్టుకునేదాన్ని. లోపల మాత్రం పడవలో ఉన్నట్టు ఒక చిన్న ఊపు, అంతే. వాడపల్లి గుడి దగ్గర ఆపించి ఆవిడ మూత తీశారు. నేను వెనక్కి తిరిగి, ఆవిడ మొహం చూశాను, పెట్టెలోకి చూసే ధైర్యం లేక. పిన్నిగారు రెండు వేళ్ళతో ఒక రేకు పైకెత్తి అద్దంలోంచి వచ్చే ఎండకి పట్టారు. నిండు రేకు. అంచు కూడా చెదరలేదు. "ఉప్మా చేసుకోవడానికి ఏం మిగల్లేదమ్మాయ్!" అని గట్టిగా అరిచి, కారు దిగి రోడ్డు మీదే స్వామికి దణ్ణం పెట్టారు. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఎందుకో తెలియదు, అంత సంతోషం అంతకు ముందెప్పుడూ ఎరగను.

బేరం దగ్గర అసలు తమాషా జరిగింది. అతను ధర చెప్పాడు, ఆవిడ "ఆయ్" అన్నారు. బీమా ఎంతో చెప్పాడు, "ఆయ్" అన్నారు. పేరు మార్పించే ఖర్చు చెప్పాడు, "ఆయ్". అతను సంతోషంగా కాగితాలు తీసి సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు. "అదేంటి బాబూ, నేనింకా బేరమే మొదలెట్టలేదు" అన్నారు పిన్నిగారు. "అన్నిటికీ ఓకే అన్నారు కదా మేడమ్!" అని అతను లబోదిబోమన్నాడు. "మా వైపు ఆయ్ అంటే మీరు చెప్పింది విన్నామని. ఒప్పుకుంటే వేరే చెప్తాం" అన్నారు ఆవిడ. మొదట్నుంచీ మళ్ళీ మొదలెట్టి, మధ్యాహ్నం భోజనం పెట్టి మరీ అతని చేత ధర దింపించారు. చివర్లో అతను చేతులు కడుక్కుంటూ, "ఇంతకీ డ్రైవర్ ఎవరు?" అని అడిగాడు. "మా సుజాత నడుపుద్దండి. ఏమ్మా?" అన్నారు పిన్నిగారు. నా నోరు దాని పని అది చేసింది. "ఆయ్" అనేశాను. నాకు లైసెన్సు ఉన్న మాట నిజం. తీసుకున్నాక స్టీరింగు ముట్టుకున్నది లేదు. కాస్సేపయ్యాక వంటింట్లో ఆవిణ్ణి పట్టుకుని, "పిన్నిగారూ, నేను విన్నానని అన్నానండీ, ఒప్పుకున్నానని కాదు" అన్నాను. "నువ్వు మా జీతగత్తెవి, నీ ఆయ్ వేరు" అని నవ్వి, తాళం నా కొంగున ముడేశారు.

నేర్పింది ఆవిడే అనాలి, ఆవిడకి డ్రైవింగు రాకపోయినా. పక్క సీట్లో కూర్చుని, కాలవ గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుంటే, నేను బ్రేకు తొక్కేస్తుంటే, "వాడు మన కారు చూసి నీకంటే ఎక్కువ భయపడుతున్నాడమ్మాయ్, పోనీ" అనేవారు. అది నిజం కూడా. అంత పెద్ద కారు వస్తుంటే మా రోడ్ల మీద అందరూ దారిచ్చేవారు. మా అత్తగారు మొదట్లో మూతి ముడుచుకున్నారు గానీ, ఒక శనివారం ఆవిణ్ణి వాడపల్లి ప్రదక్షిణలకి చల్లటి కారులో దింపాక, మా కోడలే నడుపుతుందని ఊరంతా ఆవిడే చాటారు.

ఇక ఆ కారుని మేం వాడినట్టు జర్మనీవాళ్ళు చూస్తే గుండె పట్టుకుంటారు. మర్యాదకి పాత దుప్పటి పరిచి బియ్యం బస్తాలు వేశాం, నెయ్యి క్యాన్లు, గ్యాసు బండ, ఎండు కమ్మల మోపులు వేశాం. ఇంటి ముందు నీడ ఉంది కదా అని ఆపుదామంటే మా ఊళ్ళో నీడంటే కొబ్బరిచెట్టుదే. కాయ పడితే బానెట్టు సొట్ట. అందుకని షెడ్డులో కారని మూల దానికిచ్చి, మేము కారే మూలకి జరిగాం. అయినా ఒకరోజు వాకిట్లో కాస్సేపు ఆపితే కమ్మ పడి పైన గీత పడనే పడింది. రంగు వేయిద్దామన్నాను. "కోనసీమలో ఉన్న కారుకి ఆ మాత్రం ముద్ర ఉండాలి" అన్నారు ఆవిడ. దాచుకుని చూసుకునేది ఆవిడకి నచ్చేది కాదు. రోజూ తిప్పమనేవారు, ఉప్పు కొనడానికైనా అందులోనే వెళ్ళమనేవారు. "వాడకపోతే అలుగుద్ది, మనిషైనా అంతే" అనేవారు. రావులపాలెం మెకానిక్కు రాంబాబు పుణ్యాన చిన్న చిన్న జబ్బులు నయమవుతూ ఉండేవి. అతను ప్రతిసారీ, "బుడగలు పాతబడుతున్నాయండీ, చూసుకోండి" అని హెచ్చరించేవాడు. మేము "ఆయ్" అనేవాళ్ళం.

కారు వచ్చాక అమలాపురం, కొత్తపేట, రాజోలుల్లో చిన్న చిన్న పెళ్ళిళ్ళు చేశాం. బాగానే జరిగాయి, కానీ పెట్టిన డబ్బు తిరిగొచ్చేటన్ని కావు. వానాకాలం దగ్గరపడుతోంది. అప్పుడు విశాఖపట్నం నుంచి పెద్ద పెళ్ళి ఆర్డరు వచ్చింది. నేను ఫోను చేత్తో మూసి, "అంత దూరం మనవల్ల కాదని చెప్పెయ్యనా?" అని అడిగాను. "కారుందిగా! వస్తున్నామని చెప్పు" అన్నారు పిన్నిగారు. ఆ పెళ్ళి కుదిరితే పైకప్పు వస్తుంది, తప్పితే షెడ్డు పోతుంది. ఈ లెక్క అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

పెళ్ళి రోజు తెల్లవారగానే బయల్దేరాం. స్టీరింగు దగ్గర నేను, పక్కన పిన్నిగారు, వెనక నాగమణి, నాగమణి తోడికోడలు, మిగిలిన చోటంతా రేకుల పెట్టెలు. రావులపాలెంలో హైవే ఎక్కి, గోదారి వంతెన దాటి జొన్నాడ చేరామో లేదో, ముందు అద్దం కింద పసుపు దీపం వెలిగింది. దాని కింద ఇంగ్లీషులో ఏదో రాసింది. నేను చదివేలోగా కారు వెనక కుడివైపు నెమ్మదిగా కిందికి దిగడం మొదలెట్టింది. పూలమొక్కలు అమ్మే ఒక దుకాణం ముందు ఆపాను. దిగి చూస్తే, కారు అలిసిపోయిన గేదెలా ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. రాంబాబుకి ఫోను చేస్తే, "బుడగ పోయిందండీ. కదపకండి, మిగతావి కూడా పోతాయి" అన్నాడు.

పిన్నిగారి మొహం అంత పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. కారుకి చెయ్యి ఆనించి నిలబడిపోయారు. నాకు వెంకన్నగారి కేకలు గుర్తొచ్చాయి, కారే షెడ్డు గుర్తొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా ఆవిడ అలా నిలబడటం చూడలేక భయమేసింది. "పెళ్ళివారికి ఫోన్ చేసేస్తానండీ" అన్నాను. ఆ మాటకి ఆవిడ ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. "చేసి ఏమంటావ్? ఒప్పుకున్నామమ్మాయ్ మనం! మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. పట్టండి పెట్టెలు!" అంటూ కొంగు దోపుకుని రోడ్డు మధ్యకి వెళ్ళి, విశాఖపట్నం వెళ్ళే బస్సుకి రెండు చేతులూ అడ్డం పెట్టారు.

బస్సాగింది. కండక్టరమ్మ మెట్ల మీంచే, "ఏంటమ్మా ఆ పెట్టెలు?" అంది. "రేకులండి" అంది నాగమణి అమాయకంగా. "రేకులు ఎక్కించకూడదమ్మా, జనానికి గీసుకుంటాయి!" ఇక ఆ తొందర్లో కూడా మాకు నవ్వాగలేదు. పిన్నిగారు ఒక మూత తీసి చూపించారు. కండక్టరమ్మ పక్కకి జరిగి దారిచ్చింది. మేం నలుగురం, పెట్టెలు మా ఒళ్ళకి మించి ఉన్నాయి. ఆవిడ బస్సు ముందు నిలబడి, ఆ మైకు గొంతుతో, "బాబూ, అమ్మా, విశాఖపట్నంలో పెళ్ళండీ. ఇవి కింద పెడితే రవ్వైపోతాయి. మీ చేతులు ఖాళీగా ఉన్నాయి. తలో పెట్టె పట్టుకుంటారా? ఒళ్ళో ఆనించొద్దండీ, చేతుల మీద ఎత్తి పట్టుకోవాలి, పురిటి బిడ్డని పట్టుకున్నట్టు" అన్నారు. ఒక క్షణం అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడు ముందు సీట్లో ఉన్న ముసలాయన ఒకాయన, "ఇలా తెండమ్మా" అని చేతులు చాచాడు.

ఆ ప్రయాణం నా ఒంట్లో ఇంకా ఉంది. బస్సు నిండా జనం చేతుల మీద పెట్టెలు ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. కాస్సేపటికి డ్రైవరుకి కూడా ఉత్సాహం వచ్చి, గుంత కనపడగానే "గుంతండోయ్!" అని అరిచేవాడు, బస్సంతా ఒక్కసారి చేతులు పైకెత్తేది. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి పెట్టె అప్పగిస్తూ ఎలా పట్టుకోవాలో వాళ్ళే చెప్పేవారు. అన్నవరంలో దిగాల్సిన ముసలాయన, చేతిలో పెట్టె అందుకునే మనిషి దొరక్క తునిలో దిగి, "స్వామి ఎక్కడికీ పోడులెండి" అన్నాడు. పిన్నిగారు సీటు సీటుకీ తిరుగుతూ, ఇంట్లో చుట్టి తెచ్చిన పూతరేకులు ఒక్కొక్కరి నోట్లో తనే పెట్టారు, వాళ్ళ చేతులు ఖాళీ లేవు కదా.

పెళ్ళిలో పెట్టెలు విప్పితే కొన్ని విరిగాయి, ఎక్కువ బతికాయి. నాగమణి రేకు ఎత్తి దీపాలకి పట్టి, నెయ్యి రాసి, ఒక్క మడతలో చుట్టి అందిస్తుంటే, జనం భోజనాల దగ్గర లేచి వచ్చి మా చుట్టూ మూగారు. పెళ్ళికూతురు పీటల మీంచి దిగగానే వచ్చి తనూ ఒకటి చుట్టింది. అక్కడ నిలబడ్డ వాళ్ళల్లో ఎంతమంది మా ఫోను నంబరు అడిగారో చెప్పలేను. నా గొంతు పోయింది, సంతోషం మాత్రం పోలేదు.

మర్నాడు తిరిగొస్తూ జొన్నాడలో దిగాం. కారు పూలమొక్కల మధ్య దుమ్ము కొట్టుకుని అలాగే ఒరిగి ఉంది. రాంబాబు దాని కింద పడుకుని ఉన్నాడు. దాన్ని చూడగానే రాత్రి నుంచీ నా మనసులో నలుగుతున్న మాట పైకొచ్చేసింది. "పిన్నిగారూ, చివరికి బస్సే కదండీ గట్టెక్కించింది. మరి ఈ కారు దేనికండీ? కష్టపడి దాచిన డబ్బంతా దీని మీద పోశాం."

ఆవిడ నా వంక వింతగా చూశారు. "ఆ బస్సు నిన్న కొత్తగా వేసేరేంటమ్మాయ్? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ రోడ్డు మీదే తిరుగుతోంది. ఒక్కనాడైనా రేకులు పట్టుకుని ఎక్కేమా?" అన్నారు. "కారుందని ధైర్యమొచ్చి ఒప్పుకున్నాం. ఒప్పుకున్నాం కాబట్టి బస్సెక్కేం. అది మనల్ని ఇంట్లోంచి బయల్దేరదీసింది, చాలదా?" అని, రాంబాబు వైపు వంగి, "బాబూ, దానికి మంచి బుడగ ఒకటి వెతుకు. మన కోసం చాలా కష్టపడింది" అన్నారు.

రాంబాబు విజయవాడ నుంచి పాతదే ఒకటి తెప్పించి బిగించాడు. ఆ పెళ్ళిళ్ళ కాలం ముగిసేలోగా షెడ్డు మీదకి కొత్త రేకులు వచ్చాయి. వెంకన్నగారు వచ్చి పైకి చూసి, కారు వంక చూసి, "నేనప్పుడే అన్నాను కదా, ఏనుగుని మేపడం తెలియాలని. తెలుసన్నమాట" అని కాఫీ అడిగారు. ఆ తర్వాత ఏళ్ళపాటు, హైదరాబాదు దాకా, బెంగుళూరు దాకా అదే కారులో వెళ్ళాం. దారిలో అది ఇంకా చాలాసార్లు కూర్చుంది. ప్రతిసారీ ఏదో ఒకటి చేసి చేరాం, ఒకసారి చేపల వ్యానులో కూడా. కిందటేడు వానల్లో పిన్నిగారు పోయారు. నిద్రలోనే పోయారు, ఎవరికీ ఇబ్బంది లేకుండా. కొత్త కప్పు కింద పొయ్యిలు ఆగకుండా మండుతుంటే ఆవిడ లేని లోటు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఆవిడ అరుపు లేని షెడ్డు నాకింకా అలవాటు కాలేదు, కాదు కూడా.

కిందటి వారం ఫోను మోగితే ఎత్తాను. అండమాన్ నుంచి. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళింట్లో పెళ్ళట, మండపంలో అందరి ఎదురుగా రేకులు చుట్టి పెట్టాలట, మీరు రాగలరా అని అడిగారు. "వస్తామండీ" అన్నాను. ఫోను పెట్టేశాక, కుండ దగ్గర కూర్చున్న నాగమణి చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నన్నే చూస్తోంది.

"సుజాతమ్మా, మధ్యలో సముద్రం ఉంది కదండీ! కారెలా వెళ్ళుద్ది?"

"వెళ్ళదు" అన్నాను. "ఆయ్ అనలేదు నాగమణీ, వస్తామనే అన్నాను."

ఎలా వెళ్తామో నాకింకా తెలియదు. పెట్టెలు మాత్రం నిన్ననే తెప్పించాను.